ఎండకాలపు దస్తర్‌ఖాన్

ఎండ తీవ్రమైనప్పుడు జుహర్ నమాజును కొంత చల్లబడేవరకు ఆలస్యం చేయవలసిందిగా దైవప్రవక్త (స) ఉపదేశించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. ప్రతి ఏటా వేసవి రాగానే మేము మా విద్యార్థులకు ఈ పాఠం చెబుతాము. పదాలకు అర్థాలు వివరిస్తాము, ఇమాముల అభిప్రాయభేదాలు విశదపరుస్తాము. పాఠం ముగించి ఇంటికి వచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చొని, పెనం మీది రొట్టె వేడి తగ్గకముందే వంటింటి నుండి రావాలని ఎదురుచూస్తాము. ఎండను చూసి ఆరాధనకే వెసులుబాటు ఇచ్చిన ధర్మం, పొయ్యి ముందు నిలబడిన మనిషి విషయంలో మన నుండి ఏమి ఆశిస్తుందన్న ఆలోచన మాకు చాలాకాలం రాలేదు.

ఆ ఆలోచన ఒక మే నెల శుక్రవారం నాడు వచ్చింది. జుమా తరువాత బంధువులు భోజనానికి రావలసి ఉంది. ఉదయం తొమ్మిది గంటల నుండి పలావు, దాల్చా, కోడికూర, రొట్టెలు అని నాలుగు రకాల వంట సాగుతోంది. మేము మస్జిదుకు బయలుదేరబోతూ ఉండగా వంటింట్లో గిన్నె పడిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే మా ఇల్లాలు గోడకు చేరగిలబడి ఉన్నారు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది, చేతులు వణుకుతున్నాయి. తడిగుడ్డ వేసి, ఉప్పు, పంచదార కలిపిన నిమ్మనీళ్ళు పట్టించి, పంకా కింద పడుకోబెట్టిన తరువాత కొంతసేపటికి తేరుకున్నారు. ఆమె నోట వచ్చిన మొదటి మాట, "దాల్చా అడుగంటుతుందేమో చూడండి" అని. ఆ మాట విన్నప్పుడు మాకు కలిగిన సిగ్గును ఇక్కడ వర్ణించనవసరం లేదు.

పల్నాటి ఎండ సంగతి పాఠకులకు తెలియనిది కాదు. గురజాలకు, మాచర్లకు మధ్యనున్న రెంటచింతల పేరు వేసవిలో ప్రతి వార్తాపత్రికలోనూ కనబడుతుంది. మనది సున్నపురాయి నేల. నాపరాళ్ళు పరచిన ఇళ్ళు పగలంతా తాగిన వేడిని రాత్రి ఇషా దాటేవరకు వదలవు. అటువంటి ఇంటిలో, గాలి ఆడని వంటగదిలో, రెండు పొయ్యిలు వెలిగించి మూడు గంటలు నిలబడడమంటే ఏమిటో వడ్డన కోసం ఎదురుచూసేవారికి తెలియదు.

ఆ వేసవిలోనే మా చిన్నమ్మాయి ఒక ప్రతిపాదన తెచ్చింది. వారానికి రెండు పూటలు నిప్పు మీద కాల్చిన కోడిమాంసం, దానితో పచ్చి కూరగాయలు, పండ్లు, పెరుగు. అంతే భోజనం. దాని పేరు గ్రిల్డ్ చికెన్ సలాడ్ అని చెప్పింది. "ఆకులు అలములు మేకలకు పెట్టండి" అని మేము పరిహాసం చేసిన మాట నిజం. అయితే తరువాత ఆలోచిస్తే ఇందులో మనకు కొత్తది ఏదీ లేదని తోచింది. ఉల్లి, టమాటా, కీర దోస తరిగి నిమ్మరసం పిండిన కచుంబర్ మన దస్తర్‌ఖాన్ మీద తరతరాలుగా ఉన్నదే. ఇంతకాలం అది పలావు పక్కన చిన్న గిన్నెలో కూర్చునేది. ఇప్పుడు పళ్ళెం మధ్యకు వచ్చింది, మాంసం దాని పక్కకు జరిగింది.

దైవప్రవక్త (స) దోసకాయను తాజా ఖర్జూరాలతో కలిపి భుజించగా తాము చూసినట్లు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) ఉల్లేఖించారు. పుచ్చకాయను ఖర్జూరంతో కలిపి తింటూ, ఒకదాని వేడిని మరొకదాని చలువతో తగ్గిస్తున్నామని వారు చెప్పినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం అబూ దావూదులో ఉంది. అరేబియా ఎండలో జీవించిన వారి భోజనంలోని పొందిక ఇది. నిప్పు మీద కాలిన మాంసానికి కీర దోసను, పుచ్చకాయను జోడించడం ఆ పొందికకు దూరమైనది కాదని మా అభిప్రాయం. కోడిమాంసం విషయానికి వస్తే, దైవప్రవక్త (స) దానిని భుజించగా చూశామని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) చెప్పిన హదీసు బుఖారీలో ఉంది. కోడి మురికి తినడం చూసి అసహ్యించుకొని, ఇక తిననని ప్రమాణం చేసిన ఒక వ్యక్తిని భోజనానికి పిలుస్తూ ఆయన ఆ మాట చెప్పారు.

పల్నాడులో కోడి పేరెత్తగానే బ్రహ్మనాయుడు, నాగమ్మల పందెం గుర్తుకు వస్తుంది. నోరులేని జీవాలను ఒకదానిపై ఒకటి ఉసిగొల్పడాన్ని మన ధర్మం అంగీకరించదు కనుక ఆ ప్రస్తావనను అక్కడితో వదలి వంట సంగతి చూద్దాం.

ఐదుగురు ఉన్న ఇంటికి ముప్పావు కిలో ఎముక లేని రొమ్ము మాంసం సరిపోతుంది. జబీహా ఎలా జరిగిందో మనకు తెలిసిన అంగడి నుండే తేవాలి. నాటుకోడి అయితే, ఊరి వీధుల్లో మురికి తిని తిరిగే కోడిని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) మూడు రోజులు కట్టివేసి, శుభ్రమైన మేత పెట్టిన తరువాతనే జబహ్ చేయించేవారని మన గ్రంథాలలో ఉన్నది గుర్తుంచుకోవాలి. హలాల్ అన్న మాటతోపాటు తయ్యిబ్ అన్న మాటను కూడా దివ్యఖుర్ఆన్ పేర్కొన్నది. మనం మొదటిదాన్ని విచారించినంతగా రెండవదాన్ని విచారించము.

మందంగా ఉన్న రొమ్ము ముక్కను పుస్తకం తెరచినట్లు అడ్డంగా చీల్చి, వేలి మందానికి తేవాలి. గట్టి పెరుగు మూడు చెంచాలు, ఒక నిమ్మకాయ రసం, అల్లంవెల్లుల్లి ముద్ద ఒక చెంచా, మిరియాల పొడి అర చెంచా, కొద్దిగా పసుపు, రెండు చెంచాల నూనె, తగినంత ఉప్పు కలిపి ముక్కలకు పట్టించాలి. కారం అర చెంచా మించనవసరం లేదు. 2022లో జిల్లా విడిపోయినా లోకం ఇంకా గుంటూరు కారం అనే పిలిచేదానిలో మన పల్నాటి పొలాల్లో పండినదీ ఉంది, దాని ఘాటు మనకు తెలుసు. గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే చాలు. నిమ్మరసంలో రాత్రంతా నానితే మాంసం పైపొర పీచుబారి రుచి చెడుతుంది.

గ్రిల్ యంత్రం కొనవలసిన పని లేదు. రొట్టెలు కాల్చే బరువైన ఇనుప పెనం బాగా కాగిన తరువాత నూనె రాసి, మధ్యస్థమైన మంట మీద ఒక్కొక్క వైపు ఐదారు నిమిషాలు కదపకుండా కాల్చాలి. మాటిమాటికీ తిప్పితే నీరు ఊరి, కాలవలసిన ముక్క ఉడికిపోతుంది. అన్నిటికంటే మందమైన చోట కోసి చూస్తే లోపల గులాబి రంగు కనబడకూడదు, కారే రసం తేటగా ఉండాలి. ఉష్ణమాపకం ఉన్నవారు లోపలి వేడి 74 డిగ్రీలకు చేరినదీ లేనిదీ చూసుకోవచ్చు. దించిన తరువాత ఐదు నిమిషాలు ఆగి, పీచుకు అడ్డంగా సన్నగా కోయాలి. బొగ్గుల కుంపటి మీద కాల్చితే రుచి అధికమే, కాని దానిని డాబా మీదనో పెరటిలోనో పెట్టాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గు పొగ ప్రాణం తీస్తుంది.

మొత్తం మీద పొయ్యి వెలిగేది ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు.

కూరగాయలు ఫజ్ర్ తరువాత, చల్లని వేళలో, మాంసాన్ని ముట్టుకోకముందే కడిగి తరిగి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవాలి. పచ్చిమాంసం కోసిన కత్తిని, పలకను సబ్బుతో కడగకుండా కీర దోసకు వాడడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. కీర దోసను చివర కొద్దిగా రుచి చూసి చేదైతే పారవేయాలి. క్యాబేజీ, క్యారట్ తురుము, టమాటా, ఉల్లి, పచ్చిమామిడి తురుము, పుచ్చకాయ ముక్కలు, ఉడికించిన శనగలు లేక అలసందలు, పుదీనా, కొత్తిమీర, నాలుగు ఖర్జూరాలు. వీటిలో ఏవి దొరికితే అవి. పట్టణాలలో అమ్మే విదేశీ ఆకుల కోసం నరసరావుపేట బజారంతా తిరగనక్కరలేదు. ఉప్పు మాత్రం వడ్డించే ముందే చల్లాలి, లేకుంటే కూరగాయలు నీరు వదులుతాయి.

పైన కలుపుకోవడానికి రెండు గిన్నెలు పెడతాము. ఒకదానిలో గుడ్డలో వడకట్టిన పెరుగు, అందులో నూరిన పుదీనా, వేయించిన జీలకర్ర పొడి. రెండవదానిలో ఒక వంతు సిర్కాకు రెండు వంతుల నూనె, కొద్దిగా మిరియాలు. సిర్కాను దైవప్రవక్త (స) మంచి వ్యంజనమని ప్రశంసించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. జైతూన్ నూనె ఉన్నవారు వాడుకోవచ్చు, స్తోమత లేనివారు వేరుశనగ నూనె వాడితే పళ్ళెంలో లోటేమీ రాదు. బజారు మయోనైజ్‌ను మాత్రం మా ఇంట్లోకి రానివ్వలేదు. పచ్చిగుడ్లతో చేసిన మయోనైజ్ వల్ల ప్రజలు అస్వస్థులైన ఉదంతాల తరువాత తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న దానిని ఒక సంవత్సరం పాటు నిషేధించింది. హైదరాబాదులో చేటు చేసినది మన మే నెలలో మేలు చేయదు కదా.

మేము ముఖ్యంగా చెప్పదలచినది పళ్ళెం కూర్పు గురించి. ఒకసారి దైవప్రవక్త (స) సమక్షంలో కాల్చిన ఉడుము వంటి జంతు మాంసం వడ్డించబడింది. తమ ప్రాంతంలో అలవాటు లేనిది కనుక తమకు రుచించడం లేదని చెప్పి వారు చేయి వెనక్కు తీసుకున్నారు. పక్కనే కూర్చున్న హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) దానిని తమ వైపుకు లాక్కొని తిన్నారు. వారు తినలేదని ఖాలిద్‌ను ఆపలేదు, ఖాలిద్ తిన్నారని వారిని ఎవరూ బలవంతం చేయలేదు. ఒకే దస్తర్‌ఖాన్ మీద ఇద్దరి అభిరుచికీ చోటు దొరికింది. మన ఇళ్ళలో ఇది కనబడదు. ఉల్లిపాయ తినని పిల్లవాడికి చీవాట్లు, ఉప్పు తగ్గించమన్న పెద్దాయనకు వేరుగా చప్పిడి వంట, ఆ వేరు వంట కోసం ఇంటి ఇల్లాలికి మరో అరగంట పొయ్యి.

అందుకే మేము అన్నీ కలిపి ఒకే గిన్నెలో వేయడం మానేశాము. మధ్యలో మాంసం, చుట్టూ చిన్న గిన్నెలలో మిగిలినవన్నీ. ఎవరి పళ్ళెం వారు కూర్చుకుంటారు. మా తల్లిగారికి మధుమేహం, పళ్ళు కూడా సరిగా లేవు. ఆమెకు మాంసాన్ని మెత్తగా పీచు తీసి, సన్నగా తురిమిన కీర దోస, పెరుగు కలిపి ఇస్తాము. పుచ్చకాయ, ఖర్జూరం గిన్నెలు ఆమెకు దూరంగా జరుపుతాము, ఆమె వాటిని దగ్గరకు జరుపుకొంటారు. ఆ పోరాటం వేసవి అంతా సాగుతుంది. రక్తపోటు ఉన్న మా బావగారు ఉప్పు చల్లకముందే తన వాటా తీసుకుంటారు. గర్భవతిగా ఉన్న మా కోడలికి ఇంట్లో మొలకెత్తించిన గింజలు పచ్చివి పెట్టము, ఉడికించిన శనగలు ఇస్తాము. చదువుకొనే కుర్రవాడు మాంసం రెండు వంతులు తీసుకుంటాడు. వండిన రొమ్ము మాంసం 100 గ్రాములలో సుమారు 30 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి కనుక ఎదిగే వయసులో అది మంచిదే, పక్కవారి వాటా మిగిల్చినంతవరకు.

నిలువ గురించి ఒక మాట. గది వేడి 32 డిగ్రీలు దాటినచోట వండిన మాంసాన్ని గంటకు మించి బయట ఉంచరాదని ఆహార భద్రతా నిపుణులు చెబుతారు. మే నెలలో మన వంటగది ఆ లెక్కకు దిగువన ఎన్నడూ ఉండదు. మిగిలినది వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మరునాటికి ముగించాలి. కరెంటు గంటలకొద్దీ పోయిన రోజున మొహమాటం లేకుండా పారవేయాలి. వృథా చేయరాదన్న ఆజ్ఞ అందరికీ గుర్తే, కాని దానికి మార్గం తక్కువ వండడమే తప్ప పాడైనది తినడం కాదు.

దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనులలో తోడ్పడేవారని, నమాజు వేళ కాగానే లేచి వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఈ హదీసును మేము ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్నాము. ఉల్లిపాయలు తరగడం మాత్రం మూడేళ్ళ క్రితం నేర్చుకున్నాము. ఇప్పుడు శుక్రవారం మాంసం కాల్చే వంతు మాది, కూరగాయలు మా కుర్రవాడివి. మొదటి రెండు వారాలు పైన మాడ్చి లోపల పచ్చిగా దించాము, మళ్ళీ పెనం మీదికి ఎక్కించవలసి వచ్చింది. మా ఇల్లాలు ఆ సమయంలో డాబా మీద చాప పరచి కూర్చుంటారు. మొదట్లో అక్కడి నుండే మంట తగ్గించమని కేకవేసేవారు, ఇప్పుడు అదీ తగ్గింది.

మగ్రిబ్ తరువాత అందరం అక్కడే కూర్చుంటాము. అంతా తిన్న తరువాత మా తల్లిగారు చేయి కడుగుకొంటూ, "బాగుంది, ఇక అన్నం పెట్టండి" అంటారు. అందుకని ఆమె కోసం చిన్న గిన్నెలో పెరుగన్నం కూడా కలిపి ఉంచుతున్నాము.