మూత బిగించిన డబ్బాలో పాము బతకదు

వానలు మొదలైతే పల్లెల్లో పాములు ఇళ్లలోకి రావడం మామూలే. ఒకప్పుడు పాము కనపడితే కర్ర వెదికేవారు. ఇప్పుడు చాలా ఊళ్లలో పాములు పట్టే కుర్రవాడి కోసం కబురు పంపుతున్నారు. ఇది మెచ్చుకోదగ్గ మార్పే. అయితే పట్టిన తరువాత ఆ పాము ఏమవుతున్నదన్న సంగతి ఎవరికీ పట్టడం లేదు.

పాము దొరకగానే ఏ పచ్చడి జాడీయో, ప్లాస్టిక్ డబ్బాయో తెచ్చి అందులో వేసి మూత బిగిస్తారు. దానిని నలుగురికీ చూపుతారు. ఎండలో వాకిట పెడతారు. పొద్దుపోయిందని తెల్లవారేదాకా అలాగే వుంచుతారు. ఒకరిద్దరు ముచ్చటపడి రెండు మూడు రోజులు ఇంట్లోనే అట్టిపెట్టుకుంటారు. ఆ తరువాత ఊరి బయట వదిలేసి, ప్రాణం కాపాడామని సంతోషిస్తారు. కర్రతో చంపితే ఒక నిమిషంలో పోయే ప్రాణం, డబ్బాలో జబ్బు తెచ్చుకుని పొదలో పది రోజులకు పోతే దానిని కాపాడడం అనలేము.

పామును వుంచే చోట రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి చెమ్మ, రెండవది గాలి. మూత బిగించిన డబ్బాలో పాము ఊపిరికి, మలమూత్రాలకు కాసేపటికే లోపలి గోడలు చెమర్చుతాయి. ఆ తడిలో పడి వున్న పాముకు పొట్ట కింది పొలుసులు మెత్తబడి, బొబ్బలు లేచి, పుండ్లు పడతాయి. అంతకంటే పెద్ద ముప్పు ఊపిరితిత్తులకు. చాలా జాతుల పాములకు కుడి ఊపిరితిత్తి ఒక్కటే సరిగా పనిచేస్తుంది, ఎడమది నామమాత్రం. మనిషిలా దగ్గి కఫం బయటపడేసే శక్తి పాముకు లేదు. మురిగిన గాలిలో నెమ్ము చేరితే అది లోపలే నిలిచిపోతుంది. నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ముక్కు దగ్గర నురుగు రావడం, తల పైకెత్తి వుంచడం దీని గుర్తులు. చూసేవారు పాము కోపంగా వున్నదనుకుంటారు. నిజానికి దానికి ఊపిరాడడం లేదు.

ఇక ఎండలో పెట్టిన డబ్బా సంగతి చెప్పనక్కరలేదు. పాముకు చెమట పట్టదు. ఒళ్లు వేడెక్కితే నీడకు పాకిపోవడం ఒక్కటే దానికి తెలిసిన ఉపాయం. డబ్బాలో పాకిపోవడానికి చోటెక్కడ?

చెమ్మ చెరుపని బొత్తిగా లేకుండా చేసినా ప్రమాదమే. గాలి మరీ పొడిగా వుంటే కుబుసం ఒక్కటిగా ఊడి రాదు. పేలికలుగా ఒంటికి అంటుకుంటుంది. కంటి మీది పొర ఊడకపోతే చూపు మసకబారుతుంది. తోక చివర ఉంగరంలా మిగిలిన పొర ఎండి బిగుసుకుని రక్తం ఆడనివ్వదు. కళ్లు పాలనీలంగా మారితే కుబుసం విడిచే రోజులు దగ్గరపడ్డాయని గుర్తు. అప్పుడు దానికి చెమ్మ మరికాస్త ఎక్కువ కావాలి.

ఎలుక బొరియలో, పుట్టలో వుండే పాముకు గాలి ఎక్కడిదని కొందరు వాదిస్తారు. పుట్టను సరిగా చూసినవారు ఆ మాట అనరు. పుట్టను కట్టింది చెదలు. దాని మట్టి గోడలకు కంటికి కనపడని సందులున్నాయి. లోపలి పాత గాలి బయటకు పోతుంది, కొత్త గాలి చేరుతుంది, అయినా చెమ్మ ఆరిపోదు. ఎండ ఎంత కాసినా లోపల చల్లగా వుంటుంది. ప్లాస్టిక్ డబ్బాకు ఆ గుణం లేదు.

ఈ కిటుకు తెలిసినవారు మన పొరుగునే వున్నారు. తమిళనాడులో చెన్నైకి దక్షిణాన వడనెమ్మేలిలో ఇరుళ గిరిజనుల పాములవారి సహకార సంఘం 1978 నుంచి పనిచేస్తున్నది. అంతకు ముందు వారు పాము తోళ్ల వ్యాపారం మీద బతికేవారు. 1972లో వన్యప్రాణి చట్టం రావడంతో ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ప్రభుత్వ అనుమతితో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలను పట్టి, కొద్ది వారాలు వుంచుకుని, విషం తీసి, తిరిగి అడవిలో వదులుతారు. అన్నాళ్లూ ఆ పాములు వుండేది మట్టి కుండల్లో. అడుగున ఇసుక, మూతికి నూలు గుడ్డ. ఇసుక తడిని పీల్చుకుంటుంది. కుండ గోడ చెమ్మను మెల్లగా బయటకు వదిలి, మంచినీళ్ల కూజాలాగా చల్లబడుతుంది. గుడ్డ గాలిని ఆపదు. పాముకాటుకు ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు సూదిమందు తయారీకి ఇలాంటి చోట తీసిన విషమే మూలం. ఈ సంఘానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ దక్కింది.

విషపు పురుగుకు ఇంత సేవ దేనికని అడిగేవారికి ఆ సూదిమందే సమాధానం. పొలంలో ఎలుకలను తినేది కూడా పామేనని రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

నాగుల చవితికి బుట్టలో పామును తెచ్చేవారిదీ ఇదే తప్పు. బిగించిన బుట్టలో రోజుల తరబడి వుంచి, నీళ్లు లేకుండా మాడ్చి, చివరకు పాలు చూపుతారు. పాలు పాముకు ఆహారం కాదు. దప్పికకు తాగిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయవచ్చు. భక్తి వున్నవారు పుట్టకు మొక్కితే చాలు, బుట్టకు డబ్బులు వేయనక్కరలేదు.

మన దేశపు పాములను ఇంట్లో పెంచడం చట్టరీత్యా నేరమని అందరూ గమనించాలి. జైలు, జరిమానా వుంటాయి. పట్నాల్లో కొందరు విదేశీ పాములను అద్దాల పెట్టెల్లో పెంచుతున్నారు. అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో వున్న జాతులైతే 2024లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం నమోదు చేయించుకోవాలి. వారు కూడా పెట్టెలో తేమ కొలిచే సాధనం, ఒక మూల తడి నాచు, తాగేందుకు నీటి పాత్ర వుంచక తప్పదు. చెమ్మ నిలవాలని గాలి రంధ్రాలు మూసేవారు ఒక జబ్బు మాన్పబోయి మరో జబ్బు తెస్తున్నారు.

పల్లెలో కావలసింది ఇంతకంటే తక్కువే. పాము పట్టేవారు డబ్బాకు ముందుగానే, అంటే పాము లోపల లేనప్పుడే, ఎదురెదురు వైపుల రంధ్రాలు వేసి వుంచుకోవాలి. ఒక వైపు కిందుగా, మరొక వైపు పైగా వుంటే వేడి గాలి పైనుంచి పోయి చల్లగాలి కిందినుంచి వస్తుంది. రంధ్రం పాము తల పట్టనంత చిన్నదిగా వుండాలి. లోపలి అంచులు నున్నగా వుండాలి. అడుగున పొడి గుడ్డ వేయాలి. నీడన, మనుషుల అలికిడికి దూరంగా, పిల్లల చేతికి అందకుండా పెట్టాలి. గుడ్డ సంచిలో వేసినా ఆ సంచిని డబ్బాలోనే వుంచాలి, ఎందుకంటే గుడ్డలోంచి కూడా పాము కాటు వేయగలదు. అటవీ సిబ్బందికి వెంటనే కబురు చేసి, వీలైనంత త్వరగా వదిలే ఏర్పాటు చూడాలి.

ప్రతి ఏటా తొలకరికి ముందు మండల కేంద్రాల్లో పాములు పట్టే యువకులను పిలిచి అటవీ శాఖ ఒక పూట శిక్షణ ఇవ్వడం, రంధ్రాలున్న గట్టి డబ్బాలు, పొడవాటి కొక్కేలు అందజేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. సొంత ప్రాణం పణంగా పెట్టి పాము పడుతున్న కుర్రవాడికి ఆ మాత్రం సాయం అందాలి. అధికారులు ఈ విషయమై ఆలోచించవలసి వున్నది.