బియ్యం లెక్కలు పరిశోధకులకు చూపించండి

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

2023 జులై 20న బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని మీ శాఖ నిషేధించింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం పడింది. మరో రెండు రోజులకు, తెల్ల బియ్యాన్నే ఉప్పుడు బియ్యమనీ బాస్మతి అనీ చూపించి ఓడలెక్కిస్తున్నారని చెబుతూ, టన్ను 1,200 డాలర్లకు తక్కువైన బాస్మతి ఒప్పందాల నమోదునూ ప్రభుత్వం ఆపించింది. ఆరోపణ నిజమే కావచ్చు. ఎంతమేరకు నిజం? ఏ రేవులో, ఎన్ని టన్నులు? ప్రపంచ బియ్యం వాణిజ్యంలో సుమారు 40 శాతం మన దేశానిదే కాబట్టి ఇది చిన్న ప్రశ్నేమీ కాదు. వ్యవసాయ వాణిజ్యం మీద పీహెచ్‌డీ చేసే విద్యార్థి దీనికి జవాబు వెతకబోతే మీ శాఖ ప్రకటించే నెలవారీ మొత్తాల దగ్గరే ఆగిపోవాల్సి వస్తోంది.

జవాబు ఎగుమతిదారులు కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్లుల్లో ఉంది. ఎగుమతిదారు, సరుకు కోడ్, బరువు, ధర, రేవు, చేరే దేశం అన్నీ అందులో ఉంటాయి. అంతవరకు కాకినాడ నుంచి తెల్ల బియ్యమే పంపిన వ్యాపారి, నిషేధం పడగానే అదే కొనుగోలుదారుకు దాదాపు అదే ధరకు ఉప్పుడు బియ్యం పంపడం మొదలుపెట్టాడా? అలాంటి బిల్లులు గుట్టగా కనిపిస్తే మీ అనుమానానికి బలం వస్తుంది. కనిపించకపోతే, ఎవరో చేసిన తప్పుకు అందరి మీదా సుంకం వేసినట్టే. ఆ భారం చివరికి మిల్లరు మోశాడా, ధాన్యం రేటులో రైతు మీద పడిందా, ఆఫ్రికాలో కొని తినేవాడి మీద పడిందా అన్న లెక్క కూడా ఇక్కడే మొదలుకావాలి.

వ్యాపార రహస్యాలు బయటపడతాయంటారు. రేటు తెలిస్తే పోటీదారు ఖాతాదారుణ్ని లాక్కుపోతాడన్న భయం న్యాయమైనదే. అందుకే 2022లో కస్టమ్స్ చట్టానికి 135ఏఏ సెక్షన్ చేర్చి, ఈ వివరాలు ప్రచురించినవారికి ఆరు నెలల దాకా జైలు పెట్టారు. నేనడిగేది ప్రచురణ కాదు. పేర్లు తీసేసినా పెద్ద ఎగుమతిదారుల్ని పోల్చుకోవడం తేలిక కనుక, కాపీ బయటికి పోని గదిలో, ఫలితాలు తనిఖీ చేశాకే ఇచ్చే పద్ధతి కావాలి. ఫ్రాన్స్, అమెరికా పరిశోధకులకు ఇలాగే చూపిస్తున్నాయి. మనదగ్గరా జాతీయ నమూనా సర్వేల్లోని ఇంటింటి ఖర్చులు పేర్లు లేకుండా ఎవరికైనా దొరుకుతాయి. ఒక కుటుంబం వంటనూనెకు ఎంత పెట్టిందో చూడనిచ్చే ప్రభుత్వం, ఒక కంపెనీ రెండేళ్ల కిందట బియ్యం ఎంతకు అమ్మిందో దాచడం వింతగానే ఉంది.

ధరలు మండుతుంటే రాత్రికి రాత్రి నిర్ణయం తీసుకోవాలి, థీసిస్ పూర్తయ్యేదాకా ఆగలేమన్నదీ సబబే. కానీ ఇలాంటి నిషేధం 2007లోనూ వచ్చింది, మార్పులు చేర్పులతో 2011 దాకా నడిచింది. ఆనాటి బిల్లుల్ని అప్పుడే ఎవరైనా విప్పి చూసి ఉంటే, 2023లో మీ అధికారుల బల్ల మీద సిద్ధంగా ఒక అధ్యయనం ఉండేది. ముందు బియ్యంతో మొదలుపెట్టండి: నూకల ఎగుమతి ఆపిన 2022 సెప్టెంబరు నుంచి, తెల్ల బియ్యం మీద కనీస ఎగుమతి ధర ఎత్తేసిన 2024 అక్టోబరు దాకా ఉన్న బిల్లులు చాలు.