దీనికి ఓనరెవరండీ?

వారం వారం ‘కాలవగట్టు’

గవర్నర్‌పేటలో అచ్చుపని చేసేవాళ్ల దగ్గర ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ఊసెత్తి చూడండి. ఉచితమా అని ముందుగా ఎవరూ అడగరు. కాపీ సీడీలతో ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చిన పేటకి ఉచితం ఓ కొత్తా? వాళ్లడిగేది ఇంకొకటి. ‘‘దీనికి ఓనరెవరండీ? రేపేదన్నా తేడా వస్తే ఎవర్ని పట్టుకోవాలి?’’

ఓపెన్‌సోర్స్ అభిమానులు ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది. ఓనరంటూ ఎవరూ ఉండరండీ, ఇది అందరిదీ అంటారు. షాపాయన మర్యాదకి తలూపి తన పనిలో పడతాడు. అందరిదీ అన్న పని చివరికి ఎవరి నెత్తిన పడుతుందో ఆయనకి తెలుసు. నన్నడిగితే ఆ ప్రశ్నలో ఉన్నంత తెలివి ఆ జవాబులో లేదు. కోడ్ అందరిదీ అయినంత మాత్రాన నిర్ణయం అందరిదీ అయిపోదు. మార్పుని లోపలికి రానిచ్చేది ఒకరు, పేరు మీద హక్కు ఇంకొకరిది, సర్వర్ పాస్‌వర్డ్ మరొకరిది. చాలాసార్లు ఆ ముగ్గురూ ఒక్కరే.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కాలవలో నీళ్లు అందరివీ. షట్టర్ ఎత్తేది మాత్రం లస్కరు. ఎప్పుడు, ఎంత ఎత్తాలో అతనికి ఎవరు చెబుతారన్నదాన్ని బట్టే శివారు చేలకి తడి అందేదీ లేనిదీ తేలుతుంది. 1997లో సాగునీటి నిర్వహణని రైతులకి అప్పగిస్తూ చట్టం చేసి, నీటి సంఘాలకి ఎన్నికలు పెట్టింది ఈ పెత్తనం సంగతి తేల్చడానికే. ఆ సంఘాలు ఏపాటి నడిచాయన్నది ఇంకో వారం మాట్లాడుకుందాం.

అచ్చుపనికే వద్దాం. పేటలో పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద నడిచే డీటీపీ సెంటర్లు ఇవాళ్టికీ ఉన్నాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001 నాటిది. అడోబీ దాన్ని ఎప్పుడో వదిలేసినా మనవాళ్లు వదల్లేదు. యూనికోడ్‌కి మళ్లిన కుర్రాళ్లకి మాత్రం ఇప్పుడు మంచి ఉచిత ఫాంట్లు దొరుకుతున్నాయి. అమెరికా తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చినవే బోలెడు. వాటిలో ‘మండలి’ మన దివిసీమ మనిషి మండలి వెంకట కృష్ణారావు పేరు మీద వచ్చింది. ఇలాంటి ఫాంట్లకిచ్చే లైసెన్సు ఉదారమైనది. వాడుకోవచ్చు, దిద్దుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు. ఫాంటుని విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు.

సరే, అలాంటి ఏదో ఒక ఫాంటులో ‘లక్ష్మి’ అని కొడితే కింది వత్తు పక్క అక్షరం మీదికెక్కుతోందనుకోండి. లక్ష్మి లేని శుభలేఖ ఉంటుందా? ఆపరేటర్‌కి కాస్త పనితనం ఉంటే ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచి, ఆ వత్తుని కాస్త పక్కకి జరిపి, సేవ్ చేసుకుని కార్డు కొట్టిచ్చేస్తాడు. చట్టం అడ్డురాదు. కానీ ఆ దిద్దుబాటు అతని కంప్యూటర్లోనే ఉండిపోతుంది. పక్క షాపువాడు మళ్లీ అదే వత్తుతో కుస్తీ పడతాడు. అది అసలు ఫాంటులోకి చేరాలంటే, కోడ్ దాచిన ఖాతా ఎవరి చేతిలో ఉందో వాళ్లు చూడాలి, ఒప్పుకోవాలి, కొత్త వెర్షన్ వదలాలి. ఆయనకి ఇంకో ఊళ్లో ఉద్యోగమొచ్చి ఆ ఖాతా తెరవడమే మానేస్తే? ఫాంటు స్వేచ్ఛగానే ఉంటుంది. వత్తు కూడా ఉన్నచోటే ఉంటుంది.

మలయాళం వాళ్లు ఈ తలనొప్పిని ముందే పసిగట్టారు. 2002లో మొదలైన స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే బృందం మీర, మంజరి లాంటి ఫాంట్ల బాగోగులు ఏళ్లుగా సంస్థ పేరునే చూస్తోంది. గీసిన మనిషి తప్పుకున్నా ఫైళ్లు సంస్థ దగ్గరుంటాయి. మనకి ఫాంట్లు గీసే చేతులకి కొదవ లేదు. విడుదల సభకి వేదికా దొరుకుతుంది, శాలువాలూ దొరుకుతాయి. సభ అయిన మర్నాటి సంగతే ఎవరికీ పట్టదు.

ప్రపంచంలో పెద్ద ప్రాజెక్టులు కూడా ఒంటి మనిషి పెత్తనంతో మొదలైనవే. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో 1991 నుంచి ఇప్పటిదాకా చివరి మాట లైనస్ టోర్వాల్డ్స్‌దే. ఆయన కింద ఒక్కో విభాగానికి ఒక్కో మెయింటెయినర్ ఉంటారు. నాకు ఆసక్తిగా అనిపించేది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కథ. దాన్ని పుట్టించిన గీడో వాన్ రోసమ్‌ని ‘బతికున్నన్నాళ్లూ దయగల నియంత’ అని సరదాగా పిలిచేవారు. 2018లో ఆయన భాషలోకి ఒక కొత్త గుర్తు తెచ్చాడు. రెండు చుక్కలూ ఒక సమానం గుర్తూ, అంతే. దాని మీద లేచిన రభసకి విసిగిపోయి, ఆ జులైలో నియంతగిరీకి దండం పెట్టేశాడు. వారసుడి పేరు చెప్పలేదు. ఎలా పాలించుకుంటారో మీరే తేల్చుకోండన్నాడు.

మన దగ్గరైతే ఆ వారమే రెండు వర్గాలు, రెండు ప్రెస్‌మీట్లు. పైథాన్ వాళ్లు నెలల తరబడి కూర్చుని, ఏడు రకాల పాలనా పద్ధతులు రాసి, డిసెంబరులో ఓటు పెట్టి ఒకటి ఎంచుకున్నారు. అయిదుగురి మండలి, ప్రధాన వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఎన్నిక. అందులో ఒక నిబంధన ముచ్చటైనది: ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లు ఇద్దరికి మించి మండలిలో ఉండకూడదు. మనిషి మంచివాడే అయినా జీతమిచ్చే చెయ్యి ఒకటుంటుందని వాళ్లు దాపరికం లేకుండా రాసుకున్నారు.

లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ వాళ్లు 1998లోనే రాజ్యాంగం రాసుకుని ఏటా నాయకుణ్ని ఎన్నుకుంటున్నారు. అపాచీ ఫౌండేషన్‌లో కంపెనీలకి సభ్యత్వమే లేదు, మనుషులకే. లినక్స్ ఫౌండేషన్ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అక్కడ సభ్యులు కంపెనీలు. ఎక్కువ రుసుము కట్టినవాళ్లకి బోర్డులో కుర్చీ. డబ్బుంటే జీతాలుంటాయి, పని సాగుతుంది, కాదనను. ఎవరి పని ముందు సాగుతుందన్నదే చూసుకోవాలి.

ఇక తెలుగులో. వెన్న నాగార్జున 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకి శ్రీకారం చుట్టారు. దాని దశాబ్ది ఉత్సవాలు 2014 ఫిబ్రవరిలో మన బెజవాడలోనే, కె.బి.ఎన్. కళాశాలలో జరిగాయి. వికీపీడియా సాఫ్ట్‌వేర్ కాదు కదా అంటారేమో. నడిచేది మీడియావికీ అనే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద, పాలన తీరూ ఆ కుదురుదే. వ్యాసం ఎవరైనా రాయొచ్చు. తొలగించడం, అల్లరి చేసేవాళ్లని నిరోధించడం మాత్రం నిర్వాహకుల చేతిలో ఉంటుంది. ఆ నిర్వాహకుల్ని ఎన్నుకునేది తోటి రచయితలు. ఏళ్ల తరబడి పత్తా లేని నిర్వాహకుల హక్కులు తీసేసే పద్ధతీ ఉంది. పెద్ద నిర్ణయాలకి చర్చ జరిగే పేజీ పేరు రచ్చబండ. అక్కడ ఎవరేమన్నారో పేరు, తేదీ, సమయంతో సహా ఉంటుంది. పదిహేనేళ్ల కిందటి తగవు కూడా ఇవాళ తీరిగ్గా చదువుకోవచ్చు. ఈ పని మీద కాస్త పొద్దుపోయేదాకా కూర్చున్నాను కూడా. మన ఊళ్లో సాహిత్య సంఘాల మినిట్స్ పుస్తకాలు ఎవరింటి అటక మీదున్నాయో ఎవరైనా చెప్పగలరా?

దీని పైన ఇంకో అంతస్తుంది. పేరు, సర్వర్లు అమెరికాలోని వికీమీడియా ఫౌండేషన్‌వి. నడుమ మన దేశానికంటూ వికీమీడియా ఇండియా అని ఒక చాప్టర్ ఉండేది. 2011లో గుర్తింపు వచ్చింది, 2019లో పోయింది. చిత్రమేమిటంటే, దాని వల్ల తెలుగు వికీలో రాసేవాళ్ల చెయ్యి ఆగలేదు. వ్యాసాల మీద పెత్తనం ఆ చాప్టర్‌కి ఏనాడూ లేకపోవడమే కారణం. అధికారాన్ని ముక్కలు చేసి వేర్వేరు చోట్ల పెడితే ఒక ముక్క రాలినా మిగతావి నిలుస్తాయి.

గూగుల్ 2010 ప్రాంతంలో యంత్రం సాయంతో అనువదించిన వ్యాసాల్ని భారతీయ వికీల్లోకి ఎక్కించినప్పుడు కూడా ఈ పాలన తేడాలు బయటపడ్డాయి. బెంగాలీ వాళ్లు ససేమిరా అన్నారు. తమిళం వాళ్లు షరతులు పెట్టారు. మన దగ్గర అవి వచ్చి పడ్డాయి, వాటినేం చెయ్యాలన్న చర్చ తర్వాత ఏళ్ల తరబడి సాగింది. వద్దనే అధికారం మనకీ ఉంది. వాడటానికి సరిపడా మనుషులే లేరు. ఇవాళ వ్యాసాలు లక్ష దాటాయి, భారం మోసే భుజాలు మాత్రం కొన్నే.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ‘స్వేచ్ఛ’ అనే సంస్థ సంగతి మరోలా ఉంటుంది. 2005లో హైదరాబాదులో మొదలై, ఇంజినీరింగ్ కాలేజీల్లో లినక్స్ వాడకందారుల బృందాలు పెట్టుకుంటూ పోయింది. 2010లో అలాంటి సంస్థల అఖిల భారత సమాఖ్యలో భాగమైంది. కొత్త కుర్రాళ్లని పోగెయ్యడంలో దానికి సాటి తెలుగునాట ఇంకోటి లేదు. ఇబ్బందల్లా విద్యార్థి నాలుగేళ్లకి పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు. ఉద్యమానికి నాలుగేళ్లు చాలు, సాఫ్ట్‌వేర్ మరమ్మతుకి చాలవు.

ఒంటి మనిషి అలసిపోతే ఏమవుతుందో 2024 మార్చిలో ప్రపంచం చూసింది. లోకంలోని లినక్స్ సర్వర్లలో చాలావాటికి అవసరమైన ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్‌ని ఒకే వ్యక్తి, జీతం లేకుండా చూసుకునేవాడు. సాయం చేస్తానంటూ దొంగపేరుతో చేరిన ఒకరు రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసి, తాళం చేతికొచ్చాక అందులో దొంగదారి పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వబట్టి బయటపడింది. అదే ఏడాది సెప్టెంబరులో వర్డ్‌ప్రెస్ గొడవ. పేటలో వెబ్‌సైట్లు చేసిపెట్టే కుర్రాళ్లలో ఎక్కువమంది తిండి దాని మీదే. కోడ్ అందరిదీ, నిజమే. అప్‌డేట్లు వచ్చే వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ మాత్రం దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన మ్యాట్ ముల్లెన్‌వెగ్ సొంతం. ఒక హోస్టింగ్ కంపెనీతో పంతం వచ్చి ఆయన ఆ దారి మూసేస్తే, దాని ఖాతాదారుల సైట్లకి అప్‌డేట్లు ఆగాయి. డిసెంబరులో కోర్టు చెప్పాక గానీ పూర్తిగా తెరుచుకోలేదు.

కాబట్టి ప్రభుత్వమో, ప్రవాస సంఘమో తెలుగు సాఫ్ట్‌వేర్‌కి డబ్బిచ్చేముందు షాపాయన ప్రశ్నే అడగాలి. డొమైన్ ఎవరి పేరున ఉంది? కోడ్ ఖాతాకి రెండో తాళం ఎవరి దగ్గరుంది? పెద్దాయన్ని దించాలంటే పద్ధతేమిటి? ఇందుకు పైథాన్ స్థాయి రాజ్యాంగం అక్కర్లేదు. మన రాష్ట్రపు 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ కావడానికి ఏడుగురు కావాలి. ఏడు సంతకాలు, ఒక నియమావళి, రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ కాస్త తిరుగుడు. ఏడుగురు దొరక్కపోతే, ఆ సంగతి విడుదల సభకి ముందే తెలియడమూ మంచిదే.