ఫార్మాట్ కొడితే డిస్కు బాగుపడదు

కంప్యూటర్ ఆన్ చేయగానే నల్ల తెర మీద తెల్లటి అక్షరాలతో ‘స్మార్ట్ స్టేటస్ బ్యాడ్, బ్యాకప్ అండ్ రీప్లేస్’ అని వస్తుంది. చిలకలూరిపేటలో అడిగినా, మార్టూరులో అడిగినా, ఒంగోలులో అడిగినా దానికి దొరికే సలహాలు దాదాపు ఇవే. ‘ఎఫ్1 నొక్కండి, ముందుకెళ్తుంది. విసుగ్గా ఉంటే బయోస్‌లో దాన్ని ఆఫ్ చేసేద్దాం. అప్పటికీ తగ్గకపోతే ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేద్దాం.’ మూడూ తప్పే. మొదటిది నిర్లక్ష్యం, రెండోది ప్రమాదం. మూడోది మీ డేటాను మీరే డబ్బిచ్చి తుడిపించుకోవడం.

ఇంతకీ ఆ మాట చెబుతున్నది ఎవరు? విండోస్ కాదు, వైరస్ కాదు. డిస్కుకు బిగించి ఉన్న సర్క్యూట్ బోర్డు తన ఆరోగ్యం గురించి తాను రాసుకునే లెక్క అది. 1990ల తొలి సగంలో ఐబీఎం, కాంపాక్ లాంటి కంపెనీలు మొదలుపెట్టిన ఏర్పాటు, ఆ తర్వాత ‘స్మార్ట్’ పేరుతో అన్ని డిస్కుల్లోకీ వచ్చింది. ఎన్ని గంటలు తిరిగింది, ఎన్నిసార్లు చదవలేకపోయింది, ఎన్ని సెక్టార్లు చెడిపోతే పక్కనున్న స్పేర్ సెక్టార్లలోకి మార్చుకుంది, ఇవన్నీ డిస్కు తనలోనే దాచుకుంటుంది. వాటిలో ఏదైనా కంపెనీ పెట్టిన హద్దు దాటితే బయోస్‌కు చెబుతుంది.

కొత్త డిస్కులు అమ్ముకోవడానికి కంపెనీలు ఆడే నాటకం ఇది అని గట్టిగా వాదించేవాళ్లున్నారు. ఆ వాదన తలకిందులుగా ఉంది. వారంటీలో ఉన్న డిస్కు అనవసరంగా హెచ్చరిస్తే దాన్ని మార్చి ఇవ్వాల్సింది కంపెనీయే. అందుకే తప్పుడు హెచ్చరికలు రాకుండా హద్దును బాగా దూరంగా పెడతాయి. అంత దూరపు హద్దు కూడా దాటాక వచ్చిన మాట తొందరపాటు మాట అయ్యే అవకాశం చాలా తక్కువ.

ఇక ఫార్మాట్ సంగతి. దీని మీద ఇంత నమ్మకం ఎందుకు కుదిరిందో అర్థం చేసుకోవాలి, ఎందుకంటే కొన్నిసార్లు అది నిజంగానే పనిచేసినట్టు కనబడుతుంది. చదవడానికి మొరాయిస్తున్న సెక్టారును డిస్కు ‘పెండింగ్’ ఖాతాలో వేసుకుంటుంది. పూర్తి ఫార్మాట్‌లో ఆ చోట మళ్లీ రాయబోయినప్పుడు, రాత నిలవకపోతే దాన్ని వదిలేసి స్పేర్ సెక్టారు వాడుకుంటుంది. పెండింగ్ సంఖ్య సున్నా అవుతుంది, విండోస్ చూపించే హెచ్చరిక కొన్నాళ్లు ఆగుతుంది. షాపులో ‘చూశారా, పోయింది’ అంటారు. కానీ పోయింది జబ్బు కాదు. చెడ్డ సెక్టారు పెండింగ్ ఖాతాలోంచి రీఅలొకేటెడ్ ఖాతాలోకి మారింది, అంతే. స్పేర్ సెక్టార్లకు కూడా ఒక లెక్క ఉంటుంది, అవి అయిపోతే ఇక మార్చుకోవడానికి చోటుండదు. క్విక్ ఫార్మాట్ ఈ మాత్రం కూడా చేయదు, పైపైన ఫైళ్ల పట్టికను కొత్తగా రాసి ఊరుకుంటుంది. బయోస్‌లో కనిపించే ‘బ్యాడ్’ను మాత్రం ఏ ఫార్మాటూ చెరపదు, ఆ లెక్క ఉండేది ఫార్మాట్ చేరని చోట.

‘ఆర్నెల్లుగా వస్తోందండీ, ఏమైంది, నడుస్తూనే ఉందిగా’ అనేవాళ్ల మాటలో కొంత నిజముంది. 2007లో ముగ్గురు గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక పరిశోధన ప్రచురించారు. స్కాన్‌లో మొదటి తప్పు దొరికిన డిస్కు, తప్పు లేని డిస్కుతో పోలిస్తే, తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. అయినా అలాంటి డిస్కులు చాలా నెలల తరబడి పనిచేశాయని కూడా వాళ్లే రాశారు. అదే పరిశోధనలో ఇంకో విషయముంది. చెడిపోయిన డిస్కుల్లో 56 శాతం, బలమైన సంకేతాలుగా ఎంచిన నాలుగింటిలో ఏ ఒక్కటీ చూపకుండానే పోయాయి. అంటే సగానికి పైగా డిస్కులు అలాంటి గట్టి సంకేతమేదీ ఇవ్వకుండానే పోతాయి. మీ డిస్కు చెప్పింది. అలా దొరికిన వ్యవధిని ఎఫ్1 నొక్కడానికి వాడటమే నా అభ్యంతరం.

హెచ్చరికను ఆఫ్ చేయించుకునేవాళ్లకు పత్తి రైతు చేసే పనే చెప్పాలి. గులాబీ రంగు పురుగు కాయ లోపల ఉంటుంది, పైకి చేను పచ్చగానే కనబడుతుంది. అందుకే లింగాకర్షక బుట్టలు పెడతారు. వరుసగా మూడు రోజులు బుట్టకు ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడితే చేలో పని మొదలుపెట్టాలి. అప్పుడు బుట్ట పీకేసే రైతు పల్నాడులో ఒక్కడూ ఉండడు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న భ్రమ మరొకటి: ‘సీ డ్రైవ్‌లో ఉన్నదంతా డీ డ్రైవ్‌లోకి మార్చేశాను, ఇక భయం లేదు.’ సీ, డీ, ఈ అనేవి ఒకే డిస్కుకు మనం గీసుకున్న గట్లు. మన ఇళ్లలో ఎక్కువ కంప్యూటర్లలో ఉండేది ఒకే డిస్కు. అది ఆగితే మూడూ ఒకేసారి ఆగుతాయి. కాపీ అంటే ఇంకో డిస్కులో, వీలైతే ఇంకో ఇంట్లో ఉండేది.

మిరప ఘాటు, దుమ్ము డిస్కులోకి పోయి పాడైందనే మాట గుంటూరు చుట్టుపక్కల తరచూ వినబడుతుంది. డిస్కు లోపలికి గాలి వెళ్లే దారి ఫిల్టర్‌తో ఉంటుంది, కొన్ని పూర్తిగా సీలు వేసి ఉంటాయి. దుమ్ము ఫ్యాన్లకు పట్టి కంప్యూటర్‌ను వేడెక్కించవచ్చు గానీ డిస్కు లోపల తిరిగే పళ్లేల మీదికి చేరదు. మూత విప్పితే మాత్రం చేరుతుంది. చదివే హెడ్ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తున ఎగురుతుంటుంది. మామూలు గదిలో స్క్రూడ్రైవర్‌తో డిస్కు మూత తీసి ‘చూద్దాం’ అనేవాళ్లకు దాన్ని ఇవ్వకండి.

అలాగని ప్రతి హెచ్చరికా చావు కబురు కాదు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సీఆర్‌సీ ఎర్రర్ల సంఖ్య ఒక్కటే పెరుగుతూ, రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు సున్నా ఉంటే, తప్పు చాలావరకు కేబుల్‌ది. సాటా కేబుల్ మార్చి చూడండి. ఆ రెండు సంఖ్యలూ పెరుగుతున్నా, టక్ టక్‌మని చప్పుడు వస్తున్నా కేబుల్ జోలికి పోయి కాలం పోగొట్టుకోవద్దు.

అప్పుడు ముందు చేయాల్సింది కాపీ. డీఫ్రాగ్ వద్దు, చెక్‌డిస్క్ వద్దు. చెక్‌డిస్క్ చివర ‘ఆర్’ తగిలించి నడిపితే అది డిస్కు మొత్తాన్ని గంటల తరబడి చదివిస్తుంది, బలహీనంగా ఉన్నదాన్ని ఆ పనే చంపవచ్చు. సినిమాలు, పాటలు మళ్లీ దొరుకుతాయి. దొరకనివి ముందు తీయండి. కమీషన్ కొట్టు నడిపేవాళ్ల ఇళ్లలో అది ట్యాలీ ఫోల్డరు, ఏ రైతు టిక్కీలు ఎన్ని, ఎవరికి ఎంత బాకీ అన్న లెక్క. డీటీపీ చేసేవాళ్లకు అను ఫాంట్లలో ఏళ్ల తరబడి చేసిన పేజ్‌మేకర్ ఫైళ్లు. మిగతా ఇళ్లలో ‘న్యూ ఫోల్డర్ 2’ అనే పేరుతో పడి ఉన్న పెళ్లి ఫొటోలు, చనిపోయిన నాన్న గొంతున్న వీడియో. విండోస్ చదవలేక మధ్యలో ఆగిపోతుంటే, ఊబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ నడపగలిగినవాళ్ల సాయం తీసుకోండి. అది ముందు తేలిగ్గా వచ్చేవి లాగి, మొండి సెక్టార్లను చివరికి వదిలిపెడుతుంది.

ఎస్ఎస్‌డీ వేయించుకుంటే ఈ బాధే ఉండదన్నది కూడా సగం నిజం. తిరిగే భాగాలు లేవు గానీ, అదీ చెడిపోతుంది. చెడితే చాలాసార్లు ఏ చప్పుడూ లేకుండా ఒక ఉదయం బయోస్‌లో కనబడకుండా పోతుంది. డిస్కు ఏదైనా కాపీ తప్పదు. 2011 నుంచి మార్చి 31ని ప్రపంచ బ్యాకప్ దినంగా జరుపుతున్నారు. మనకు అది లెక్కల సంవత్సరం ముగిసే రోజు, మిర్చి యార్డు కిటకిటలాడే కాలం కూడా. ఏడాదికి ఆ ఒక్క రోజైనా ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలించండి.

కంప్యూటర్లు రిపేరు చేసే తమ్ముళ్లకు ఒక విన్నపం. ఆ మెసేజ్‌తో ఎవరైనా మీ షాపు మెట్లెక్కితే, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ‘ఇందులో ఉన్నదానికి ఇంకోచోట కాపీ ఉందా అండీ’ అని అడగండి. లేదంటే కాపీ తీసి డబ్బు తీసుకోండి, న్యాయమైన సంపాదన. ఫార్మాట్ మాత్రం చేయకండి.