నిమ్మ ఉప్పు వెలుగు, ఖాలా ఇలాజ్

మా ఖాలాకి రొమ్ము క్యాన్సర్. కీమోతో జుట్టు రాలుతుందని ఆమెకి ఫికర్. మొన్న ఎవరో వాట్సాప్‌లో ఖబర్ పంపారు: గడ్డ ఎక్కడుందో వెలిగి చూపించి, అక్కడే దవా వదిలి, ఒంట్లో కరిగిపోయే నానో రేణువులు వచ్చేశాయట! "అయితే అదొచ్చేదాకా ఆగుదాం బేటా" అంది. నా గుండె ఝల్లుమంది.

ఖబర్ పూర్తిగా ఝూట్ కాదు. 2009లో అమెరికాలో జియాన్ యాంగ్ బృందం అలాంటి పాలిమర్ గురించి ప్రచురించింది. అందులో ముఖ్య సరుకు సిట్రిక్ యాసిడ్, అంటే మన బావర్చీఖానాలోని నిమ్మ ఉప్పే. దానికి అమైనో యాసిడ్ జత చేస్తే, తగిన కాంతి పడినప్పుడు పాలిమర్ తనంతట తానే వెలుగుతుంది. విడిగా రంగు కలపక్కర్లేదు. ఇలా వెలిగే కొన్ని క్వాంటం డాట్స్‌లో కాడ్మియం ఉంటుంది, అది జహర్. ఈ పాలిమర్ మాత్రం మెల్లగా విడిపోతుంది. సుభానల్లాహ్ అనిపించే ఇల్మ్!

కానీ ఆ వెలుగు చూసింది ఎలుకల్లో. ఎలుక నుంచి మనిషి దాకా ఏళ్ల తరబడి పరీక్షలుంటాయి. బీమారీ అన్నాళ్లు ఇంతజార్ చెయ్యదు.

"వచ్చేసింది" అని తహ్‌ఖీఖ్ లేకుండా ఫార్వర్డ్ చెయ్యడం నా దృష్టిలో ఖయానతే. ఉమ్మీద్ మంచిదే. ఇవాళ్టి ఇలాజ్‌ని ఆపే ఉమ్మీద్ మాత్రం జాన్‌కే ఖత్రా. జుట్టు సాధారణంగా మళ్లీ వస్తుంది. పోయిన వక్త్ రాదు.

దువా చేద్దాం ఖాలా, కీమోకీ వెళ్దాం. నేనూ వస్తా.