ఊరు వదిలినవాడికే ఊరి పేరు

పోయిన సంచికలో నామినేషన్ ఫారాల గురించి రాస్తే చాలామంది ఉత్తరాలు రాశారు. ఈసారి కూడా ఒక నమోదు గురించే చెబుతాను. అయితే అది బ్యాంకులో చేసింది కాదు.

పోయిన సంవత్సరం నేనూ మా ఆవిడా ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. కోడలికి నెలలు నిండాయి. ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. అక్కడ పుట్టిన బిడ్డను 42 రోజుల లోపల రిజిస్ట్రారు ఆఫీసులో నమోదు చేయించాలి. బిడ్డకు ఏ ఇంటిపేరు పెట్టుకోవాలన్నది తల్లిదండ్రుల ఇష్టం. మా అబ్బాయి ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర, "నాన్నా, పాపకి ఇంటిపేరు ఏం రాయించమంటారు?" అని అడిగాడు.

తమిళనాడులో ఉన్న మన వాళ్ళకు ఈ ప్రశ్నలోని చిక్కు వేరే చెప్పనక్కరలేదు. మాది మదురై. మా వాళ్ళు పెనుగొండ వారు. కానీ ఆ మాట పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. మా తాతగారి కాలంలోనే బడి రిజిస్టరులో ఇంటిపేరు జారిపోయి, తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనీషియల్‌గా మిగిలింది. మా అబ్బాయి పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు ఇంటిపేరు గడిలో ఏదో ఒకటి రాయాలి కనుక నా పేరే రాశారు. అందుచేత అక్కడి ఆఫీసులో వాడు 'మిస్టర్ వరదరాజులు'. ఎవరైనా వాడిని అలా పిలిస్తే నేను తలతిప్పి చూసేవాణ్ణి!

ఆ రాత్రి నేను జవాబు చెప్పలేకపోయాను. "రెండు రోజులు ఆగరా" అన్నాను.

మర్నాడు ఊరికే తిరిగి వద్దామని డెర్బీ వైపు వెళ్ళే రైలెక్కాను. పది నిమిషాలు గడిచాయో లేదో, ఒక చిన్న స్టేషను వచ్చింది. బోర్డు మీద పేరు చూసి గబుక్కున దిగిపోయాను. ఆ పేరు అటెన్‌బరో.

1983లో మా స్కూలు వాళ్ళు మమ్మల్నందరినీ వరసకట్టించి 'గాంధీ' సినిమాకు తీసుకువెళ్ళారు. మొదటిసారి ఆ పేరు అక్కడే చూశాను: దర్శకుడు రిచర్డ్ అటెన్‌బరో. ఆ సినిమాకు ఎనిమిది ఆస్కార్ బహుమతులు వచ్చాయి. మన ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. ఆయన తమ్ముడు డేవిడ్ అటెన్‌బరో, జంతువుల మీద, పక్షుల మీద తీసిన టీవీ కార్యక్రమాలతో ప్రపంచమంతటికీ తెలిసినవాడు. ఇన్నేళ్ళూ అది ఒక పెద్దమనిషి పేరనే అనుకున్నాను తప్ప, ఒక ఊరి పేరని నాకు తోచనేలేదు.

ఊరు ట్రెంట్ నది ఒడ్డున ఉంది. స్టేషను పక్కనే పెద్ద పెద్ద చెరువులు. ఒకప్పుడు ఇసుక, గులకరాళ్ళ కోసం తవ్విన గుంటలట. అవి నీటితో నిండిపోతే పక్షులు చేరాయి. 1966లో దానిని పక్షుల రక్షిత ప్రాంతంగా చేసినప్పుడు ప్రారంభోత్సవం చేసింది డేవిడ్ అటెన్‌బరోయే. ఊరి పేరు మోస్తున్న మనిషి వచ్చి ఊరి చెరువులను ప్రారంభించాడన్నమాట.

ఆ రోజు నుంచి ఆ పేరు వెంట పడ్డాను. తెలుసుకున్నది మీతో పంచుకుంటాను.

ఇంగ్లండులో ఇంటిపేర్లు అనాదిగా ఉన్నవి కావు. 1066లో నార్మన్లు ఆ దేశాన్ని జయించిన తరువాత ముందు జమీందారులకు, ఆ తరువాత రెండు మూడు వందల ఏళ్ళలో సామాన్యులకు అవి స్థిరపడ్డాయి. వాటిలో నాలుగు రకాలున్నాయి. తండ్రి పేరు మీద వచ్చినవి, జాన్ కొడుకు జాన్సన్ లాగా. వృత్తి మీద వచ్చినవి, కమ్మరి అయితే స్మిత్, దర్జీ అయితే టైలర్. ఒంటి తీరు మీద వచ్చినవి, పొట్టివాడైతే షార్ట్. నాలుగోది ఊరి మీద, చోటు మీద వచ్చినవి. మన ఇంటిపేర్లలో ఎన్ని ఊళ్ళున్నాయో మీకు తెలిసిందే. అటెన్‌బరో ఈ నాలుగో రకంలోది.

'బరో' అంటే పాత ఇంగ్లీషులో కోట కట్టిన చోటు. చివర ఓ, యు, జి, హెచ్ అని నాలుగక్షరాలున్నా పలికేది ఒక్క అచ్చే. ఇక 'అటెన్' మాటకొస్తే, ఊరి పేరు వరకు 'అడ్డా' అనే ఆయన కోట అని అర్థం చెబుతారు. ఎప్పుడో వెయ్యేళ్ళ కిందటి మనిషి. ఆయన గురించి మిగిలింది ఆ పేరొక్కటే.

ఇంటిపేరుకు మరో అర్థం కూడా చెప్పేవాళ్ళున్నారు. నడిమి కాలపు ఇంగ్లీషులో 'అటెన్' అంటే 'దగ్గర' అని అర్థం. ఆ లెక్కన అటెన్‌బరో అంటే గుట్ట దగ్గరివాడో, కోట దగ్గరివాడో అవుతాడు. ఈ 'అటెన్' చేసిన చిత్రాలు మన సంధులకు తీసిపోవు. ఏష్ చెట్టు దగ్గర ఉండేవాణ్ణి 'అటెన్ ఏష్' అనేవారు. పలకగా పలకగా ముందు భాగం ఊడిపోయి, చివరి 'న'కారం మాత్రం చెట్టుకు అంటుకుని 'నాష్' అయింది. ఓక్ చెట్ల దగ్గరివాడు అలాగే 'నోక్స్' అయ్యాడు. ఈ రోజు నాష్ అనే పేరున్నవాడికి తన ఇంటిపేరులో ఒక చెట్టుందని ఎవరైనా చెప్పాలి.

ఇందులో నాకు బాగా పట్టుకున్న సంగతి ఇంకొకటి ఉంది. అటెన్‌బరో ఊళ్ళో ఉన్నంతకాలం ఎవడినీ 'అటెన్‌బరోవాడు' అని పిలవరు. అక్కడ అందరూ ఆ ఊరివాళ్ళే కదా! వాడు ఆ ఊరు వదిలి పక్క ఊళ్ళో కాపురం పెట్టినప్పుడే, 'ఫలానా ఊరినుంచి వచ్చినవాడు' అని కొత్త ఊరివాళ్ళు ఆ పేరు తగిలిస్తారు. ఊరి పేరు ఇంటిపేరుగా ఉందంటే, ఆ ఇంటి మూలపురుషుడు ఎప్పుడో ఆ ఊరు విడిచి వచ్చాడనే దాని సాక్ష్యం. రిచర్డ్, డేవిడ్‌ల తండ్రి ఫ్రెడరిక్ 1887లో పుట్టింది స్టేపుల్‌ఫర్డ్‌లో. అది అటెన్‌బరోకు చుట్టుపక్కల ఊరే. ఇన్ని వందల ఏళ్ళలో ఆ పేరు నడిచిన దూరం అంతే!

ఇక ఈ పేరు ఎంతమందికి ఉందన్న మాట. బ్రిటన్‌లో స్మిత్‌లు ఐదు లక్షలకు పైబడి ఉన్నారు. ప్రతి ఊళ్ళోనూ ఒక కమ్మరి ఉండేవాడు కాబట్టి ఆ పేరు వందల చోట్ల విడివిడిగా పుట్టింది. అటెన్‌బరోలు వాళ్ళ ముందు పిడికెడు మంది. ఒక చిన్న ఊరిని వదిలివచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారు? వాళ్ళలో ఎంతమంది వంశాలు నిలుస్తాయి?

ఈ ఆఖరి ప్రశ్న 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఒక పత్రికలో లెక్కగా ఇచ్చాడు. వేలిముద్రల మీద పుస్తకం రాసినవాడు కూడా ఆయనే. మా బ్యాంకువాళ్ళకు ఆ విధంగా చుట్టమే! పేరు కొడుకులకే వస్తుంది. ఒకడికి ముగ్గురు కొడుకులు, ఒకడికి ఒక్కడు, ఒకడికి అసలే లేరు. ఇలా తరాలు గడిస్తే ఎన్ని పేర్లు మిగులుతాయి అన్నది ప్రశ్న. వాట్సన్ అనే మతగురువు లెక్క కట్టి, చివరకు అన్ని పేర్లూ పోవలసిందేనన్నాడు. ఆ లెక్కలో పొరపాటుందని తరువాత వాళ్ళు సవరించారు. సగటున మనిషికి ఒక కొడుకు కంటే ఎక్కువ ఉంటే కొన్ని పేర్లు నిలుస్తాయి. లేదంటే ఎంత గొప్ప పేరైనా ఎప్పుడో ఒకప్పుడు ఖాతా మూసుకోవలసిందే. అరుదైన పేరు నిలవడమంటే, ఒకే ఒక్క డిపాజిట్ వందల ఏళ్ళ పాటు ఎవరూ మధ్యలో తీసేయకుండా రెన్యువల్ అవుతూ రావడం లాంటిది.

మరి అటెన్‌బరోలందరూ ఒక్క మనిషి సంతానమేనా? దీనికి జవాబు దొరికింది లెస్టర్ విశ్వవిద్యాలయంలో. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోము అనే అంశం ఒకటుంది. ఇంటిపేరు కూడా తండ్రి నుంచే వస్తుంది. రెండూ ఒకే దారిన నడుస్తాయా అని ట్యూరీ కింగ్, మార్క్ జోబ్లింగ్ అనే శాస్త్రవేత్తలు 40 ఇంటిపేర్లు తీసుకుని, 1,600 మందికి పైగా మగవాళ్ళను పరీక్షించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. స్మిత్‌లలో ఒకరికొకరికి పోలికే లేదు. అటెన్‌బరోలలో మాత్రం పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఒకే రకం ఉంది. అంటే ఎప్పుడో, ఏ ఊరి పొలిమేరలోనో, ఎవరో ఒక్కడికి ఆ పేరు తగిలించారు. ఇప్పటివాళ్ళలో ఎక్కువమంది అతని సంతానం.

మిగిలిన ఆ పదోవాడి మాట? దత్తత వెళ్ళినవాడు కావచ్చు, తల్లి పేరు పెట్టుకున్నవాడు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. రాజులకు కూడా ఇది తప్పలేదు. 1485లో యుద్ధంలో చనిపోయిన మూడో రిచర్డ్ రాజు ఎముకలు 2012లో ఆ లెస్టర్ ఊళ్ళోనే ఒక కార్లు నిలిపే స్థలం కింద దొరికాయి. పరీక్ష చేసింది మళ్ళీ ట్యూరీ కింగే. మగ వారసులమని కాగితాల్లో ఉన్నవాళ్ళతో రాజు వై క్రోమోజోము కలవలేదు. కలిసింది రాజుగారి అక్క నుంచి ఆడపిల్లల వరసలో వచ్చిన వాళ్ళతో. మధ్యలో ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని ఇంటిపేర్లు మారాయో! కాగితం మీద పేరు నిలిచిన చోట రక్తం తప్పింది. పేరు మారుతూ వచ్చిన చోట రక్తం నిలిచింది.

ఇంకొక్క సంగతి. ఫ్రెడరిక్ అటెన్‌బరో, ఆ విశ్వవిద్యాలయం కాలేజీగా ఉన్న రోజుల్లో, 1932 నుంచి దాని ప్రిన్సిపాలు. 1939లో హిట్లర్ బారి నుంచి తప్పించుకుని జర్మనీ నుంచి వచ్చిన ఇద్దరు యూదు ఆడపిల్లలను ఆ దంపతులు ఇంటికి తెచ్చుకుని, యుద్ధం ముగిసేదాకా కన్నకొడుకులతో పాటు పెంచారు. వాళ్ళ ఇంటిపేరు వేరు, రక్తం వేరు. అయినా అన్నదమ్ములకు వాళ్ళు అక్కచెల్లెళ్ళే. ఏ పరీక్షలోనూ తేలని బంధుత్వం అది.

రెండు రోజుల గడువు అయిపోయింది. మదురైకి ఫోను చేసి మా అమ్మను అడిగాను. "పెనుగొండ వారి పిల్ల కదరా, అడగటమెందుకు?" అంది. అబ్బాయి మాత్రం, "అవ్వ చెప్పింది నిజమే నాన్నా. కానీ నాకొక పేరు, పాపకొక పేరు ఉంటే ప్రతి విమానాశ్రయంలో సంజాయిషీ చెప్పుకోవాలి" అన్నాడు. నాకు అదీ సబబే అనిపించింది. ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో ఒక అక్షరం తేడా ఉంటే జనాన్ని అఫిడవిట్ల కోసం తిప్పినవాణ్ణి, నేనేం చెప్పగలను? చివరకు పాప సొంత పేరు పక్కన మధ్యలో పెనుగొండ, చివర వరదరాజులు అని నమోదు చేయించారు.

రిజిస్ట్రారు అక్షరాలు ఒక్కొక్కటే అడిగి రాసుకుంటుంటే నాకు నవ్వూ వచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది. మా అమ్మానాన్నలు నాకు పెట్టిన పేరు ఇంగ్లండులో ఇంటిపేరు అయిపోయింది! అటెన్‌బరోవాడికి కూడా ఇలాగే ఎవరో రాసేవాడు తగిలించి ఉంటాడు. అయితే గాల్టన్ లెక్క ప్రకారం చూస్తే, ఉన్నది ఒక్క మనమరాలు. రేపు పెళ్ళయ్యాక ఆమె పేరు మార్చుకుంటే ఈ కొత్త ఇంటిపేరు అక్కడితో సరి. దాని గురించి నాకు బెంగ లేదు.

బెంగ వేరే ఉంది. ఆ రాత్రి పడుకున్నాక తట్టింది. కౌంటర్లో ఎన్ని వేలమందిని "తల్లి పుట్టింటి పేరు చెప్పండి" అని అడిగానో లెక్కలేదు. మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు నాకు తెలియదు! మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫోను చేశాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "కందుకూరు వారం నాయనా. ఇన్నాళ్ళకి అడిగావు" అంది. వాళ్ళమ్మ పుట్టింటి పేరు కూడా అడిగాను. "అది నేనూ అడగలేదురా" అంది.

మిత్రులారా, మనం ఉంటున్న ఊళ్ళలో రికార్డుల్లో ఇంటిపేరు ఉన్నా లేకపోయినా ఒక నోటుపుస్తకం తీయండి. మీ ఇంటిపేరు, మీ తల్లి పుట్టింటి పేరు, అమ్మమ్మ పుట్టింటి పేరు, నాయనమ్మ పుట్టింటి పేరు రాయండి. తెలియకపోతే చెప్పగలిగినవాళ్ళు ఉండగానే ఈ వారమే అడగండి. ఆ పేర్లలో ఊళ్ళుంటే అవి ఎక్కడున్నాయో పటం తీసి చూడండి. మన పెద్దలు ఎప్పుడో వదిలివచ్చిన ఊళ్ళవి.

మా నోటుపుస్తకంలో ఒక గడి ఖాళీగానే ఉంది.