పదో మనిషి

పరాయి ఊళ్లో మనిషి పోతే అందరికంటె ముందు పుట్టే దిగులు, మోసేందుకు నలుగురు దొరుకుతారా అని. అందుకేగదా, "నలుగురితో మంచిగా ఉండు నాయనా" అని మన పెద్దలు పోరుతూంటారు. యూదులకు నలుగురు చాలరు. పదిమంది కావాలి.

చావుకనే కాదు. వాళ్ల సామూహిక ప్రార్థనలో ముఖ్యభాగాలు సాగాలన్నా పెద్దవాళ్లు పదిమంది కూడాలి. దానికి "మిన్యాన్" అని పేరు. సనాతనులు మగవాళ్లనే లెక్కిస్తారు. నవీనులు ఆడవాళ్లనూ కలుపుకుంటారు. తండ్రి పోయినవాడు పదకొండు నెలలపాటు "కద్దిష్" అనే ప్రార్థన చెప్పాలి. అది గదిలో ఒంటరిగా కూర్చుని చెప్పుకునేది కాదు. తక్కినవాళ్లు విని "ఆమెన్" అనాలి.

అంచేత నిష్ఠగల యూదుడు కొత్త ఊళ్లో రైలు దిగితే సమాజమందిరం ఎక్కడని వాకబు చేస్తాడు. తమాషా ఏమంటే, అతనికి వాళ్లతో ఎంత పని ఉందో వాళ్లకూ అతనితో అంత పని ఉండవచ్చు. తొమ్మిదిమంది కూర్చుని వాకిలివైపు చూస్తూంటే, అప్పుడు వచ్చిన పదోవాడు దేవుడు పంపిన చుట్టమే గదా! కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సమాజమందిరం ఉంది. ఇశ్రాయేలు దేశం ఏర్పడ్డాక 1950 దశకంలో అక్కడి యూదులు చాలామంది తరలిపోయారు. ఇటీవలి కాలంలో బాటసారులు కలిస్తేగాని అక్కడ పదిమంది పూర్తికావడం కష్టమైంది.

"ఇదంతా పల్నాటివాడి కెందుకయ్యా?" అంటారేమో. చెబుతాను. 2022లో పల్నాడు వేరే జిల్లా అయి, మా నరసరావుపేట ముఖ్యపట్టణం అయ్యేదాకా మేమూ గుంటూరు జిల్లావాళ్లమే. ఆ జిల్లాలో చేబ్రోలు ఉంది. చేబ్రోలు అనగానే చతుర్ముఖ బ్రహ్మగుడి తలుచుకుంటాం. దాని పక్కనే కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదుల సమాజమందిరం ఉందంటే మాత్రం, నేను చెప్పిన ప్రతివాడూ ముందు నవ్వుతాడు, తరువాత "నిజమా?" అంటాడు.

నిజమే. వారు "బెనె ఎఫ్రాయిం", అంటే ఎఫ్రాయిము సంతతి. వారి పూర్వులు 19వ శతాబ్దంలో బాప్టిస్టు క్రైస్తవం పుచ్చుకున్న మాదిగలు. 1980 దశకం చివర యాకోబీ సోదరులు షమూయేలు, సాదోకుల వెంట కొన్ని పదుల కుటుంబాలు యూదమతాన్ని అవలంబించాయి. క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దంలో అస్సీరియా రాజులు చెదరగొట్టిన గోత్రాలలో తమదొకటని వారి నమ్మకం. యెగొరోవా, పర్వేజ్ అనే పరిశోధకులు 2013లో వారిని గురించి ఒక పుస్తకమే ప్రకటించారు. వారిలో వ్యవసాయ కూలీలు ఎక్కువ. కూలివాడు శనివారం విశ్రాంతి పాటించడమంటే ఆ రోజు కూలి వదులుకోవడమే. అదేమీ చిన్న నిష్ఠ కాదు.

ఇక చిక్కు ఇక్కడుంది. బయటినుంచి వచ్చిన యూదుడు వారితో కూర్చుని ప్రార్థన చేయవచ్చు, భోజనమూ చేయవచ్చు. కాని కద్దిష్ చెప్పవలసివస్తే, వాళ్లను తన పదిమందిలో లెక్కవేసుకుంటాడా? యూదు తల్లి కడుపున పుట్టాలి, లేదా శాస్త్రోక్తంగా మతం పుచ్చుకోవాలి అంటుంది వారి ధర్మశాస్త్రం. మణిపురం, మిజోరంలలోని బెనె మెనషే వారిని లుప్తగోత్ర సంతతిగా 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీలలో ఒకరు అంగీకరించారు. మన ఎఫ్రాయిమువారికి ఆ గుర్తింపు దక్కలేదు. అలా దూరాన ఉండిపోయిన సమాజాలకు తోడుపడే సంస్థ ఒకటి అమెరికాలో ఉంది; పేరు "కులాను". హీబ్రూలో దానికి "మనమందరం" అని అర్థమట. మన చెవికి మాత్రం "కులం" అనే వినిపిస్తుంది. మన చెవుల తప్పు గాదు, మన చరిత్ర తప్పు!

మాచర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని పల్నాటివాళ్లం గర్వంగా చెప్పుకుంటాం. అన్ని కులాలవాళ్లనూ ఒకే చాపమీద కూర్చోబెట్టాడని, మాలవాడైన కన్నమదాసును సేనానిని చేశాడని వీరగాథ వింటూ ఒళ్లు పులకరించని వాడెవడు? అయినా ఎనిమిది వందల ఏళ్ల తరువాత కూడా మన ఊళ్లలో మాదిగవాడలు విడిగానే ఉన్నాయి. చాప కథలో మిగిలింది. కూడు ఎవరిది వారిదే అయింది.

వంశవృక్షం సంగతి పండితులు తేలుస్తారు. పౌరసత్వం సంగతి ఇశ్రాయేలు చూసుకుంటుంది. నాకు తట్టేది ఒక్కటే. ఊళ్లో చోటు దొరకనివాడు దేవుడి ఇంట్లోనైనా దొరుకుతుందేమోనని ఒక గుమ్మం తరువాత మరో గుమ్మం ఎక్కుతున్నాడు. అతనికి ముందుగా చాప పరచవలసిన వాళ్లు యెరూషలేములో లేరు; చేబ్రోలులో, నరసరావుపేటలో, మాచర్లలో ఉన్నారు.